పసుపు రంగు వేసి చూసే కుర్రాడు

మా నరసాపురం ఇంట్లో అద్దెకున్న కంప్యూటర్ కుర్రాడు, ముందు పసుపు రంగు వేసి చూడనిదే ఫైల్లోంచి ఏదీ తుడిచేవాడు కాదు. అతను పనిచేసే లేసు కంపెనీ డిజైన్లన్నీ అతని ఎక్స్ఎమ్ఎల్ ఫైల్లో జాబితాగా ఉండేవి. ఆర్డర్లు లేనివి తీసెయ్యమన్నారట కంపెనీ యజమానిగారు. ఆ షరతు స్టైల్‌షీట్ అనే ఆదేశాల ఫైల్లో రాసి నడిపిస్తే, సరిపోయిన పేర్లన్నీ తెరమీద పసుపురంగుకు తిరిగాయి. వాటిలో మా అమ్మ నేర్పిన అనాసపువ్వు అల్లిక ఒకటి.

"నీ మిషను తప్పు చూపిస్తోందిరా," అన్నాను.

"షరతు సరిగ్గానే ఉందండి మామ్మగారూ. దానికి ఒక్క ఆర్డరూ లేదు."

"అయితే పీకేస్తావా?"

"ఇంకా పీకలేదండి. రంగే వేశాను."

మర్నాడు కంపెనీలో తనే ఆ అల్లికతో ఒక టేబుల్ క్లాత్ ఆర్డరిచ్చి, మళ్లీ నడిపించాడు. అనాసపువ్వు మీద పసుపు పోయింది.

ఆ గుడ్డ నేనే అల్లాను. భోజనాల బల్ల లేనివాడు, దాన్ని కంప్యూటర్ మీద కప్పుకున్నాడు. ధర మాత్రం నేను తగ్గించలేదు.