రాగిలో నేను కోసిన సందు

పన్నెండేళ్లుగా సర్క్యూట్ బోర్డులు గీస్తున్నాను. ఇప్పుడు బాన్సువాడలో ఒక కిరాయి గదిలో కూర్చుని గీస్తున్నాను. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే వివరంగా చెప్పే ఓపిక ఎప్పుడో పోయింది. కంప్యూటర్ల పని అని ఊరుకుంటాను.

మొన్న యాసంగి పంటప్పుడు మా అక్క కోసం ఒక బోర్డు చేశాను. అక్కది నస్రుల్లాబాద్ పక్కన పల్లె. బావ నడుము పట్టేసి మంచాన పడ్డప్పటి నుంచి పొలం ఆమె ఒక్కతే చూసుకుంటుంది. బోరు మోటారు ఇంటికి దూరం. గట్ల మీద నడిచి వెళ్లి స్టార్టర్ నొక్కాలి. ఆమెకేమో మోకాలు అరిగిపోయింది. ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే మోటారు నడిచేలా ఒక పెట్టె తయారుచేసి బిగించాను. అలాంటివి బజారులోనూ దొరుకుతాయి. ఇంట్లో ఇంజనీరు ఉండగా కొనడమేమిటని నా పొగరు.

నా బల్ల మీద చక్కగా నడిచింది. పొలంలో మాత్రం మోటారు అందుకోగానే బోర్డు స్పృహ తప్పి మళ్లీ మొదటి నుంచి లేచేది. మోటారు ఆగిపోయేది. నాలుగుసార్లు వేస్తే ఒకసారి ఆగకుండా నడిచేది. వరి పొట్టకొచ్చిన రోజులు, నీళ్లు తప్పితే తాలు పడుతుంది. అక్క మళ్లీ నడవక తప్పలేదు.

నేను వెళ్లి పెట్టె విప్పి చూడలేదు. కంపెనీ పని నెత్తి మీద ఉంది, ప్రాణం విసిగిపోయి ఉంది. ఫోన్లోనే తీర్పు చెప్పేశాను. "ఎర్తు మంచిగ లేదక్కా. ఎండలకు గుంత ఎండిపోయి ఉంటది. రోజు రెండు బకెట్ల నీళ్లు పొయ్యి."

మా వైపు ఇది వింతేమీ కాదు. స్టార్టర్ దగ్గర భూమిలో దిగేసిన ఇనుప పైపు చుట్టూ ఉప్పు వేసి నీళ్లు పోయడం అందరూ చేసేదే. అక్క మారుమాట్లాడకుండా పిల్లకాలువ నుంచి బకెట్లు మోసింది. నేను ఫోన్ చేస్తే ముందు అడిగేది అదే: "ఎర్తుకు నీళ్లు పోసినవా?" పోసిన అనేది.

మూడు వారాలకు బకెట్‌తో సహా గట్టు మీద జారిపడింది. మోకాలు ఉబ్బిపోయింది. దవాఖానలో ఆమె పక్కన కూర్చుంటే నాకు భయం వేసింది, వెంటనే కోపం వచ్చింది. ఆ కోపం కూడా ఎర్తు గుంత మీదే. మర్నాడు పొద్దున్నే పెట్టె ఊడదీసి, బాన్సువాడలో మోటార్ వైండింగ్ చేసే తెలిసిన అన్న దుకాణానికి పట్టుకుపోయాను. తప్పు ఎర్తుదేనని తేల్చుకోవాలని. అక్కడ ఎర్తు భేషుగ్గా ఉంది. స్టార్టర్ టక్కున పట్టుకుంది. నా బోర్డు టక్కున పడిపోయింది.

"ఎర్తునెందుకు తిడుతున్నవ్ చెల్లె? లొల్లి గీ డబ్బాలనే ఉన్నది," అన్నాడు అన్న.

ఇంటికొచ్చి డ్రాయింగ్ తెరిచాను. పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. బోర్డు మీద సన్నటి రాగి గీత వెంట సిగ్నల్ ముందుకు పోతే, అంత కరెంటూ వెనక్కి రావాలి. అడుగున పరిచిన రాగి పొరలో, సరిగ్గా ఆ గీత కిందనే వస్తుంది. ఆ పొరను గ్రౌండ్ ప్లేన్ అంటాం. దాన్ని మధ్యలో తెంపితే తిరిగొచ్చే కరెంటు చుట్టుదారి పడుతుంది. ఆ చుట్టు ఎంత పెద్దదైతే స్టార్టర్ పుట్టించే గోల అంత ఎక్కువగా అందులో పడుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటి రోజే చెప్పే పాఠమిది. నా బోర్డులో, దాన్ని మళ్లీ మొదటి నుంచి లేపే రీసెట్ గీత కిందనే రాగి అడ్డంగా తెగి ఉంది. కోసింది నేనే. ఒక చిన్న దీపానికి వెళ్లే గీతకు పైన దారి దొరక్క, ఇంకో గంట కూర్చునే ఓపిక లేక, ఏమవుతుందిలే అని కోశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మూడు వారాలు భూమిని తిట్టాను.

బాగు చేయడానికి పావుగంట కూడా పట్టలేదు. సందుకు అటూ ఇటూ పచ్చ పూత గీకి, పొట్టి వైరు ముక్కలు మూడు అడ్డంగా అతికించాను. అన్న దుకాణంలో ఇరవైసార్లు స్టార్టర్ వేసి చూశాను. ఒక్కసారీ పడలేదు. సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది.

పొలంలో పెట్టె బిగించి అక్క ఇంటికి వెళ్లాను. మంచం మీద కాలు చాపుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఫోన్ చేయమన్నాను. చేసింది. మోటారు నడుస్తున్నట్టు మెసేజ్ వచ్చింది, మోటారు ఆగకుండా అలాగే నడిచింది.

"ఎర్తు మంచిగ నానింది ఇగ," అన్నాడు బావ పక్క మంచం మీంచి.

ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు. ఒక్క క్షణం అలాగే చేద్దామనుకున్నాను కూడా.

"ఎర్తుది కాదక్కా. బోర్డు నేనే చెడగొట్టిన. ఆ నీళ్లతోని ఏం పని లేకుండె."

అక్క చేతులు ఆపలేదు. "నాకెరుకేనే. పోసిన్నాడు గంతే, పోయనినాడు గంతే. మొదటి వారమే తెల్సింది."

"మరెందుకు పోసినవ్? నాకు చెప్పొద్దా?"

"ఫోన్ చేస్తే గదొక్కటే అడుగుతుంటివి. పోయకుండ పోసిన అని ఎట్ల చెప్పాలె? పోయలేదంటే నీకు కోపమొస్తుండె."

మోకాలు ఎలా ఉందని ఆ మూడు వారాల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అప్పుడు అడిగాను.

"సలుపుతున్నదే," అన్నది.