అక్షర నడుం మీది మచ్చలు

తెలియనిది ఏదైనా ఎదురైతే ద్వాళికి అన్నం సహించదు. మహబూబాబాద్‌లో ఆమె అద్దెకుంటున్న రెండు గదుల ఇంటికి రోజూ పొద్దున్నే నలుగురు పసిపిల్లలు వస్తారు. తల్లులు డ్యూటీలకు పోయి, సాయంత్రం వచ్చి తీసుకుపోతారు. ఆ తల్లులను ఆమె ఊరికే వదలదు. డైపర్‌లో పోసిన నీళ్లు ఎటు పోతాయి, పాలడబ్బా మీది పిల్లాడు ఎవరి కొడుకు అని ఆరా తీస్తుంది. తండా నుంచి వచ్చి ఇన్నేళ్లయినా ఈ జబ్బు తగ్గలేదని వాడకట్టంతా ఆటపట్టిస్తుంది. ఆమె తమ ఇంటి భాషలో జోలపాడితే మాత్రం ఎంత మొండి పిల్లయినా నిద్రపోవలసిందే.

ఒక సోమవారం సాయంత్రం సంధ్య వచ్చి తన ఏడాదిన్నర పాప అక్షరను తీసుకుపోయింది. సంధ్యది బ్యాంకులో ఉద్యోగం, మెట్టినింటివాళ్లది హోల్‌సేల్ కిరాణా కొట్టు. పోయిన కాసేపటికే పాపను భుజాన వేసుకుని, అత్త శారదమ్మను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. పాప నడుం మీద నల్లగా కమిలిన బొబ్బలు.

"ఏం జేసినవ్ ద్వాళక్కా? నా బిడ్డకు వాత వెట్టినవా?"

"నేనెందుకు వెడ్త సంధ్యమ్మా?"

"మీ తండాల వెడ్తరు గద. నీ కడుపు మీది వాత నువ్వే జూపెట్టినవ్ నాకు."

నిజమే. చిన్నప్పుడు కామెర్లకని ఎవరో పెట్టిన వాత అది. ఏదో మాటల్లో చూపించిన పాపానికి అదే ఇప్పుడు సాక్ష్యమై కూర్చుంది. పిల్లలను తీసుకుపోవడానికి వచ్చిన మిగతా ముగ్గురు తల్లులు గడపలోనే ఉన్నారు. ఒకామె అక్కడికక్కడే తన కొడుకు చొక్కా ఎత్తి చూసుకుంది. రేపటి నుంచి తీసుకురామని చెప్పి ముగ్గురూ వెళ్లిపోయారు. ఏం జరిగిందని ద్వాళిని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"ముందు దవాఖాన, ఎన్క పోలీస్ స్టేషన్" అంది సంధ్య.

స్టేషన్ దాకా పోతే, నిజం ఏదైనా సరే, ఆ ఊళ్లో ఇక ఎవరూ ద్వాళి చేతికి బిడ్డనివ్వరు. అంత భయంలోనూ ఆమె కళ్లు ఆ బొబ్బలను వదల్లేదు. తన వాత గీత గీసినట్టుంటుంది. ఇవి పొక్కులు పొక్కులుగా ఉన్నాయి. మరి ఇవేమిటి?

ఆమె తలుపుకు తాళం వేసి వాళ్ల వెంట నడిచింది.

"నువ్వెందుకు?" అని కసిరింది శారదమ్మ.

"అదేందో నాకు గూడ తెల్వాలె."

తప్పు చేసిన మనిషి దవాఖానకు వెంటపడి వస్తుందా అని ఆలోచించే తీరిక అప్పుడు ఎవరికుంది?

డాక్టరమ్మ పాపను పరీక్షగా చూసింది. "ఇవి వాతలు కావు. ఏదో ఘాటు రసం తగిలి పొక్కింది. ఏం రాశారు?"

సంధ్య ద్వాళి వైపు చూసింది. ద్వాళి పాప నడుమునే చూస్తోంది.

"రాస్తే ఒక్కతాన ఉండాలె గదమ్మా. గిట్ల నడుం సుట్టు ఎందుకు వోయింది?"

డాక్టరమ్మ మళ్లీ వంగి చూసింది. "నడుముకు ఏమైనా కట్టారా?"

"మొలతాడుండె. ఇందాక నీళ్లు వోయంగ బొబ్బలు జూసి నేనే కోసి అత్తమ్మ చేతికిచ్చిన" అంది సంధ్య.

శారదమ్మ కొంగుముడి విప్పి ఆ తాడు బల్ల మీద పెట్టింది. దానికో నల్లజీడి గింజ ఉంది. ముందురోజు కాళేశ్వరం గుడికి తీసుకుపోతే పాపను చూసిన ప్రతివాళ్లూ ఎంత ముద్దుగా ఉందో అన్నారట. దిష్టి తగులుతుందని గింజ కొని, సూదితో పొడిచి, కోడలికి చెబితే నవ్వుతుందని చెప్పకుండా కట్టిందట. ఎండిన గింజైతే ఇంతయ్యేది కాదు. అది పచ్చిది. పొడిచిన చోటినుంచి సొన కారి తాడు పొడుగునా పాకింది. జీడి సొన తగిలిన వెంటనే ఏమీ తెలియదని, మరునాటికి పొక్కుతుందని డాక్టరమ్మ చెప్పింది.

"మంచికే కట్టిన బిడ్డా, నాకు తెల్వదు" అని శారదమ్మ ఏడ్చింది.

సంధ్య తల దించుకుంది. "తప్పయిందక్కా."

ద్వాళికి కూడా ఏడుపొచ్చింది. కోపం అంతకంటే ఎక్కువగా వచ్చింది. "నాకు జెప్తె ఏమొస్తది? ఆ ముగ్గురు తల్లులకు జెప్పు. నువ్వే పోయి జెప్పాలె."

సంధ్య ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లి చెప్పింది. ఇద్దరు తమ పిల్లలను మళ్లీ పంపారు. ఒకామె పంపలేదు.

అప్పటి నుంచి ద్వాళి గడపలోనే పిల్లల బట్టలు తీసి, తల్లి ముందరే ఒళ్లంతా చూసి లోపలికి తీసుకుంటోంది. సాయంత్రం తల్లినీ అలాగే చూసుకొమ్మంటుంది. మంచి పద్ధతని అందరూ మెచ్చుకున్నారు. ద్వాళికి మాత్రం పసి ఒళ్లను అలా సాక్ష్యం కోసం వెతికినప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

బొబ్బలు మానాక అక్షర మళ్లీ రావడం మొదలుపెట్టింది. పసిదానికి ఇదంతా కొత్త ఆట. ఒకరోజు సంధ్య చంకలోంచి దిగీ దిగగానే రెండు చేతులా ఫ్రాకు పైకెత్తి, గడపలో గిర్రున తిరిగింది. తక్కిన తల్లులు పకపకా నవ్వారు. సంధ్య నవ్వలేకపోయింది. పాప చేతులు చాచి ఎత్తుకొమ్మంటోంది. ద్వాళి ముందు నడుము చూసింది, వీపు చూసింది, ఆ తర్వాతే ఎత్తుకుంది.