ఇష్బెల్ రాసిన ‘ఇబ్బందులేమీ లేవు’

ఇష్బెల్ కౌవీ, నేనూ మా రేవులో చేపలు కోసే షెడ్డులో ఇరవై రెండేళ్లుగా పక్కపక్కనే నిలబడుతున్నాం. ఒకసారి కత్తి జారి తన బొటనవేలు తెగితే గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా పని చేసింది. "ఎలా ఉందే?" అంటే "ఫర్వాలేదులే" అంది. మా స్కాట్లాండ్ తీరమంతా ఇంతే. సొంత బాధ చెప్పుకోవడం మాకు నామోషీ. ఆ నామోషీయే ఆమె పెంచుకుంటున్న మనవరాలి మెడకు చుట్టుకుంది.

తొమ్మిదేళ్ల రోనా ఇంట్లో వాగుడుకాయ. బడి గేటు దాటితే పెదవి విప్పదు. తోడుండే టీచరమ్మను, మాట రప్పించే డాక్టరమ్మను ఏర్పాటు చేస్తూ కాగితం మీద ఒక ప్రణాళిక రాసిమ్మని ఇష్బెల్ అడిగితే, మా ఊరి బడులు నడిపే కౌన్సిల్ వాళ్లు అక్కర్లేదన్నారు. ఆమె ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసి, తోడుగా నన్ను తీసుకెళ్లింది.

విచారణలో కౌన్సిల్ తరఫు మనిషి మూడేళ్ల బడి ఫారాలు బయటికి తీశాడు. ‘పిల్లకేమైనా ఇబ్బందులున్నాయా?’ అన్నచోట ప్రతిసారీ ఇష్బెల్ చేతిరాతే. ‘ఇబ్బందులేమీ లేవు. చాలా థాంక్స్.’ నాకు ఒళ్లు మండిపోయింది. బల్ల కింద ఆమె కాలు మీద ఒకటి తన్నాను.

"ఇవి మీరు రాసినవేనా?" అని అడిగింది ట్రిబ్యునల్ అధ్యక్షురాలు.

"నేనేనండీ."

"మరి ఎందుకలా రాశారు?"

ఇష్బెల్ తన చేతులకేసి చూసుకుంటూ చెప్పింది.

"ఆ క్లాసు టీచరమ్మకి ముప్పైమంది పిల్లలండీ. మా గోల కూడా ఆమె నెత్తినెందుకని. బాత్రూంకెళ్తానని అడగలేక మా రోనా పొద్దుట్నించీ నీళ్లే తాగదండీ. ఆపుకోలేని రోజు తడిసిన బట్టలు సంచిలో దాచుకొచ్చేది. నేను ఉతికారేసి, ఏమీ లేవని రాసిచ్చేదాన్ని. తప్పు నాదండీ. నా మర్యాదకి దాన్ని శిక్షించకండి."

కౌన్సిల్ మనిషి ఫారాలు మూసేశాడు. నాకు ఇష్బెల్‌ని గట్టిగా కావలించుకోవాలనిపించింది. మేం అలాంటివి చెయ్యం గనుక, విరామంలో టీ తెచ్చిపెట్టాను.

మూడు వారాలకు తీర్పు వచ్చింది, ప్రణాళిక ఇచ్చి తీరాలని.

మార్చిలో ఒక మధ్యాహ్నం షెడ్డుకు బడినుంచి ఫోనొచ్చింది. వింటూ వింటూ ఇష్బెల్ చేపల చేతి తొడుగులతోనే కళ్లు తుడుచుకుంది.

"ఏమైందే?" అన్నాను భయంగా.

"రోనా బడిలో భోజనం వడ్డించే ఆవిడతో మాట్లాడిందటే!"

"ఏమందట?"

"సూప్ చల్లారిపోయింది, వేడిది తెమ్మందట!" షెడ్డంతా వినపడేలా అరిచింది. "మా కౌవీల ఇంట్లో మొట్టమొదటి ఫిర్యాదే అది!"