చల్లగాలి ఇంజన్‌కే

మా ఆయన కిషన్‌కు తన చిన్న టర్బో కారంటే పానం. ఇంజన్ వేడిగాలి పీలిస్తే దమ్ము తగ్గుతదని, గాలి పోయే పైపును ముందు బంపర్ దాకా పొడిగించిండు. వేడి తగలకుండ దానికి మెరిసే పట్టీ సుత చుట్టిండు.

మే నెలల, మిట్టమధ్యాహ్నం, సీతాఫల్‌మండి నుంచి అల్వాల్‌ల మా అక్క ఇంటికి బయలుదేరినం. ఏసీ వేస్తే పికప్ పడిపోతదని బంద్ పెట్టిండు. పికప్ చూపెడదామంటే ముంగట అంతా ట్రాఫిక్. నా చీర చెమటకు తడిసి ముద్దయింది.

ఆయన మాత్రం ఇంజన్‌లకు పోయే గాలి వేడి చూపే మీటర్ చూసి మురుస్తున్నడు. "చూసినవా? ఇంజన్‌కు ఎంత చల్లటి గాలి పోతుందో!"

"కారు జెర పక్కకు ఆపి బానెట్ లేపు" అన్న.

పరేషాన్ అయిండు. "ఏమైంది?"

"ఏం కాలే. నేను గా బానెట్ కింద కూసుంట."