వరుసలో మూడో బోనం

మొన్న మా ఊరి పెద్దమనుషులు ఇద్దరు పటాన్‌చెరు దాకా వచ్చి, ఈసారి బోనాలకు పెద్దకోడలిగా నేనే అందరికంటే ముందు నడవాలని పిలిచి వెళ్లారు. మర్యాదకు చాయ్ ఇచ్చాను గానీ, కడుపులో మంట అలాగే ఉంది. అది అంటుకున్నది 1974 ఆగస్టు 4, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు.

అప్పటికి మేము ఊరు విడిచి పటాన్‌చెరు వచ్చి రెండేళ్లు. మా ఆయన ఇనుప ఫ్యాక్టరీలో, నేను మందుల కంపెనీ షెడ్డులో సీసాలు కడుగుతూ, కాస్త వెనకేసుకుని తిరిగి సేద్యానికి వెళ్లిపోదామనే అనుకునేవాళ్లం. ఎవరు అడిగినా ఊరి పేరే చెప్పేవాళ్లం. ఊళ్లో బోనాలు ఇంటింటి వరుసలో నడుస్తాయి, మా ఇంటిది మూడోది, అత్తగారు పోతూ ఆ చోటు నాకు అప్పగించింది. ఆ రోజు పండక్కి ఊరెళ్లి, నేను బోనమెత్తుకుని ఆ చోట నిలబడగానే మా మరిది అడ్డం వచ్చాడు.

"వదినా, ఊరిడిసినోళ్లకు వరుసేంది? ఎనుకకు నడువు."

నా చోట తన భార్యను నిలబెట్టాడు. పట్నపామె సబ్బు వాసనొస్తుందని ఎవరో అంటే ఆడవాళ్లు నవ్వారు, మా ఆయన నేల చూశాడు. నేను వెనక్కి నడవలేదు. బోనం నెత్తిన ఉండగానే రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి ఒడిలో పెట్టుకున్నాను. అమ్మవారికి చూపకుండా తీసుకుపోతే పాపమని ఆయన దారంతా గొణిగాడు. దీపం బస్సులోనే ఆరిపోయింది.

ఇక్కడేమో ఇల్లుగల్లామె, కిరాయివాళ్ల బోనం తన గడప దాటి లోపలికి రావద్దంది. వీధి కుళాయి దగ్గరే మళ్లీ దీపం వెలిగించాను. షెడ్డులో నాతో సీసాలు కడిగే ఆడవాళ్లు, తలా ఒక ఊరి నుంచి వచ్చినవాళ్లు, చుట్టూ చేరారు. ఒకామె అడిగింది.

"ఏ ఊరి బోనమక్కా ఇది?"

"పటాన్‌చెరుది," అన్నాను.

మా ఆయన తలెత్తి నా వంక చూశాడు. సేద్యం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మా గల్లీ నుంచే ఇరవై బోనాలు లేస్తాయి, ఎవరు ముందో ఎవరూ అడగరు, ఎవరి అత్త ఎవరో కూడా ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రంతో పోయినవి ఇవి: అత్తగారు ఇచ్చిన చోటు, మరిదితో మాట, మా ఆయన దున్నాలనుకున్న రెండెకరాలు.