తిరగేసిన సెల్

మా దీవిలో, బతు బస్తీలో మిక్సీలు, టార్చ్‌లు బాగుచేసే షాపు నాది. ఇవాళ సాయంత్రం ఐదున్నరకే చీకటి పడింది, కరెంటూ పోయింది. గాలి పెరిగిందని మా మావయ్య పడవ తాడు చూసుకోడానికి మిన్నీ బే ఒడ్డుకి బయల్దేరాడు. రెండు నెలల కిందట కొని దాచిన నా కొత్త టార్చ్ ఇచ్చాను. వెలగలేదు.

"ఈ మెత్తటి బటన్ టార్చ్‌లు ఇంతే మావయ్యా. ఆపేసినా లోపల సర్క్యూట్ మేలుకునే ఉంటుంది, సెల్‌లని కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది" అని పాఠం చెప్పాను. మేకుకి వేలాడుతున్న ఆయన టార్చ్ కూడా నొక్కాను. అదీ వెలగలేదు. "ఇదీ ఖతమ్" అని తేల్చేశాను.

మావయ్య మూత విప్పి, రెండు సెల్‌లలో ఒకదాన్ని తిరగేసి నొక్కాడు. గోడంతా తెల్లగా వెలిగింది.

"తాగేస్తాదని నాకూ తెల్సు అల్లుడూ. అందుకే వాడనప్పుడు ఒక సెల్ ఉల్టా ఎట్టి దాస్తాను" అని ఆ టార్చ్ పట్టుకుని వెళ్లిపోయాడు.

మీ ఇంట్లో టార్చ్ ఒకసారి నొక్కి, వెలిగిందో లేదో కింద చెప్పండి. నేను చెప్పిన కారణం నూటికి నూరుపాళ్లూ నిజం. చీకట్లో కూర్చుని కూడా అదే అంటున్నాను.