మూసిన పెట్టెను తెరవనివ్వని కంప్యూటర్

మార్కాపురం శివార్లలో రామసుబ్బయ్యకు పలకరాయి ఫ్యాక్టరీ ఉంది. గనుల నుంచి వచ్చిన రాయిని చీల్చి, కోసి, చెక్కపెట్టెల్లో సర్ది విదేశాలకు పంపుతారు. ఆ సర్దే షెడ్డుకు మేస్త్రి ఎలీషబా. పెద్దారవీడు దగ్గర కూలిపనులు చేసుకునే ఇంట్లో పుట్టి, ఎనిమిదో తరగతితో చదువు ఆపి, పెళ్లయిన ఏడే ఈ షెడ్డులో చేరింది. ఇప్పుడామెకు నలభై మూడేళ్లు. రాయి అంచును బొటనవేలితో తడిమి ఎనిమిది మిల్లీమీటర్లో పదో చెప్పేస్తుంది. నాలుగు వరసల్లో రెండు వందల పెట్టెలుంటే, ఏ రంగు రాయి ఎక్కడుందో ఆమె తలలోనే ఉంటుంది.

చిక్కు అక్కడే వచ్చింది. ఒకసారి ఆమె టైఫాయిడ్‌తో తొమ్మిది రోజులు రాలేదు. పెట్టెల మీద ఆమె సుద్దతో పెట్టిన గుర్తులు ఎవరికీ అర్థం కాక, రాగిరంగు రాయి కోసం కూలీలు నలభై పెట్టెలు పగలగొట్టి వెతికారు. ఈలోపు సరుకు ఎక్కాల్సిన ఓడ వెళ్లిపోయింది.

"నీ తలకాయలో ఉండేదంతా కంప్యూటర్లోకి రావాల ఎలీషబా" అన్నాడు రామసుబ్బయ్య.

"రానీండి సార్, నాకూ కాస్త బరువు తగ్గుతది" అంది.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు బెంగళూరు నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చారు. మూడు రోజులు అడిగిందే అడిగి, నూట నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకం రాసుకొచ్చి ప్రతి పేజీ మీదా రామసుబ్బయ్యతో సంతకం పెట్టించుకున్నారు. అందులో ఏముందో ఎలీషబాకు ఎవరూ చెప్పలేదు. పది నెలలు వాళ్ల అజాపజా లేదు. పదకొండో నెలలో మొత్తం సాఫ్ట్‌వేర్ తెచ్చి బిగించి పోయారు.

మొదటి రోజు మూడో పెట్టెకు మేకులు కొడుతుంటే లోపల రెండు రాళ్లు పగిలాయి. అది రోజూ జరిగేదే. తెరిచి, పగిలినవి తీసి, వేరేవి పెట్టాలి. తెరిచినట్టు ఎక్కించడానికి కంప్యూటర్ మాత్రం ఒప్పుకోలేదు. మూసిన పెట్టె మూసినట్టే ఉండాలంది. ఎలీషబా బెంగళూరు కంపెనీకి ఫోన్ చేసింది.

"మేడమ్, మూసిన పెట్టె తెరవడం అనేది డాక్యుమెంట్‌లో లేదండి" అన్నాడు అవతలివాడు.

"డాక్యుమెంట్లో లేకపోతే రాయి పగలదా నాయనా?"

మార్చాలంటే నాలుగు నెలలు పడుతుందన్నారు. ఎలీషబా మళ్లీ సుద్దముక్క చేతిలోకి తీసుకుని పెట్టెల మీద రాయడం మొదలుపెట్టింది.

తర్వాత నిత్యానందం వచ్చాడు. కురిచేడు వాడు. హైదరాబాదులో ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మార్కాపురంలో చిన్న ఆఫీసు తెరిచాడు. అంతా ముందే రాసుకొని చేసే పద్ధతి తనది కాదన్నాడు. కొంచెం చేయడం, రెండు వారాలకొకసారి తెచ్చి చూపించడం, బాగాలేనిది మార్చి ఇంకాస్త చేయడం. కంప్యూటర్ అక్కర్లేదు, అంతా చేతిలో ఫోన్ మీదే నడుస్తుంది. "అట్లయితే మేలే" అంది ఎలీషబా. ఆ మాట ఎందుకన్నానా అని నెల తిరక్కుండానే అనుకుంది.

మొదటిసారి తెచ్చిన దాంట్లో పెట్టె నంబరు తప్ప ఏమీ లేదు. రంగేదని అడిగితే "వచ్చేసారి అక్కా" అన్నాడు. వచ్చేసారికి రంగు వచ్చింది గానీ, తెర మీద ఎడమవైపున్న నొక్కుడు గుండీ కుడివైపుకు పోయింది. మూడోసారి ఆ గుండీ అడుగుకు దిగింది. చెయ్యి అలవాటు పడేలోపు అతను కొత్తది తెచ్చే మంగళవారం వచ్చేసేది.

ఇది చాలదన్నట్టు రోజూ ఎనిమిదింటికి వచ్చి పది నిమిషాలు అందరినీ నిలబెట్టి అడిగేవాడు: నిన్న ఏం చేసినారు, ఈరోజు ఏం చేస్తారు, మధ్యలో ఏం అడ్డం పడింది? సరిగ్గా ఎనిమిదింటికే రాళ్ల ట్రాక్టర్లు వస్తాయి.

"అడ్డం పడింది నువ్వే నాయనా. పక్కకు జరుగు, ట్రాక్టరు వెనక్కి రావాల" అంది ఎలీషబా.

ఐదోది పెట్టెలను కంటైనర్‌కు ఎక్కించే రోజునే తెచ్చాడు. తెర నిండా నింపాల్సిన గళ్లు పదకొండు. దుమ్ము పట్టిన వేళ్లతో ఎంత నొక్కినా ఫోన్ పలకలేదు. ఆమె ఫోన్‌ను పెట్టె మీద పెట్టేసింది.

నిత్యానందానికీ విసుగొచ్చింది. "అక్కా, నీకేం కావాల్నో ఒక్కసారి సరిగ్గా చెప్పు. చేసిస్తా."

"నాకేం కావాల్నో నాకు మాత్రం ఎట్ల తెలుస్తది? చూస్తే గదా తెలిసేది. నేను కాదన్న ప్రతిదానికీ నువ్వు ఇంకోటి అతికిస్తావే గానీ, తీసేయవు. రెండు వారాలు ఏమీ చేయబాక. ఇక్కడికొచ్చి పెట్టెలు సర్దు."

వస్తాడనుకోలేదు. మరుసటి రోజు పాత చొక్కా వేసుకొని వచ్చాడు. మొదటి గంటలోనే మూడు రాళ్లు పగలగొట్టాడు. పక్కన సర్దే పోలమ్మ చూడలేక, "పండబెట్టొద్దు నాయనా, అంచు మీద నిలబెట్టు" అని చూపించింది. నాలుగు రోజులు చేశాడు, వేలి గోరు నల్లబడింది. ఆ నాలుగు రోజులూ ఎలీషబానే చూశాడు. రాయి పగిలినప్పుడు రంగు, మందం ఏవీ ఆమె రాయదు, అవి ముందే పెట్టె మీద ఉంటాయి. ఏ వరస, ఏ పెట్టె, అంతే. ఫోన్ కూడా వేలి కొసతో కాదు, కణుపుతో నొక్కుతుంది.

ఆరోదాంట్లో మూడే గుండీలు, అరచేతిలో సగమంత. వరస, పెట్టె, తెరిచినాం. ఎలీషబా కణుపుతో నొక్కింది. పలికింది.

"మిగతా ఎనిమిదీ ఏమైనయి?"

"అడిగినప్పుడు చూపిస్తది. రోజూ నింపే పని లేదు."

"ముందే తీసుండొచ్చు గదా."

"ముందు నాకు తెలియదక్కా."

ఎలీషబా ఫోన్ తీసుకుని షరతులు పెట్టింది. కంటైనర్ రోజున కొత్తది తేకూడదు. అడక్కుండా గుండీ కదలకూడదు. నిలబడి మాట్లాడేది ట్రాక్టర్లు పోయాకనే.

పదకొండోది వచ్చాక ఆమె చెల్లెలి కూతురి పెళ్లికి గిద్దలూరు పోయి మూడు రోజులుంది. అవే రోజుల్లో కంటైనర్ వచ్చింది. రెండుసార్లు ఫోన్ చేస్తే రెండోసారి పోలమ్మ, "రాగిరంగు రెండో వరసలో ఉందని ఫోన్లోనే చూపించింది, ఎక్కించినాం. పెళ్లి చూసుకోరాదా అక్కా" అంది. ఎలీషబా ఫోన్ పెట్టేసి, ఏం చేయాలో తోచక, ఎవరూ అడక్కపోయినా వంటగిన్నెలు తోమడానికి కూర్చుంది.

తిరిగొచ్చిన రోజు నిత్యానందం పన్నెండోది పట్టుకొని వచ్చాడు. తెర మీద కొత్తగా ఒక పచ్చ గుండీ ఉంది.

"ఇది ఎవరు పెట్టమన్నారు?"

"పోలమ్మక్క. నువ్వు లేని మూడు రోజులూ ఇది ఆమె చేతిలోనే గదా అక్కా."

ఎలీషబా ఫోన్ అతని చేతికే తిరిగిచ్చింది. "అయితే ఆమెకే చూపించు పో" అని, అప్పుడే దించిన రాళ్ల దగ్గరికి నడిచింది.